'వెళ్లే విషయం ఆలోచించండి' అని ఎంబసీ అన్నదంటే.. బ్యాగ్ సర్దుకోవాల్సిందే!

2022 ఫిబ్రవరి 15, మంగళవారం. కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం నుంచి ఒక చిన్న ప్రకటన వచ్చింది. దాని సారాంశం ఇదీ.. పరిస్థితి అనిశ్చితంగా ఉంది, ఇక్కడ ఉండటం తప్పనిసరి కాని వాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లే విషయం ఆలోచించవచ్చు. అంతే. 'పారిపోండి' అని లేదు, 'ప్రాణాలకు ముప్పు' అని లేదు. కాలేజీ నోటీసులా ఉంది.

సరిగ్గా తొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 24 తెల్లవారుజామున ఉక్రెయిన్ మీద బాంబులు పడ్డాయి. ఆ దేశ గగనతలం మూతపడింది. మనవాళ్లను తీసుకురావడానికి ఢిల్లీ నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగింది. టికెట్లు చేతిలో పట్టుకున్న పిల్లలు కీవ్‌లోనే చిక్కుకుపోయారు.

తర్వాత కేంద్రం పార్లమెంటుకు ఒక లెక్క చెప్పింది. ఫిబ్రవరి 23 లోపు మామూలు విమానాల్లో బయటపడిన భారతీయులు సుమారు 4 వేల మంది. మొత్తంగా దేశానికి తిరిగొచ్చింది దాదాపు 22,500 మంది. అంటే ఎక్కువ మంది యుద్ధం మొదలయ్యాకే, బంకర్లలో దాక్కుని, రైళ్ల కోసం తోసుకుని, మంచులో కిలోమీటర్ల కొద్దీ నడిచి బయటపడ్డారు. అందులో తెలుగు విద్యార్థులూ పెద్ద సంఖ్యలో ఉన్నారు.

మరి ఆ తొమ్మిది రోజులు ఏం చేశారు? ఎందుకు రాలేదు?

నిర్లక్ష్యం అనేస్తే సరిపోదు

అప్పట్లో సోషల్ మీడియాలో చాలామంది ఆ పిల్లల్నే తిట్టారు. 'ముందే చెప్పారు కదా, ఎందుకు రాలేదు' అని. కానీ వాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరు. క్లాసులు ఆఫ్‌లైన్‌లోనే నడుస్తున్నాయి, హాజరు పోతే సంవత్సరం పోతుందన్న భయం. యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసులు పెడతామని తేల్చి చెప్పలేదు. టికెట్ ధరలు పెరిగిపోయాయి. ఇంటి దగ్గర అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రికి ఫోన్ చేసి 'నాన్నా, ఇంకో టికెట్‌కి డబ్బులు పంపు, వారంలో మళ్లీ వచ్చేస్తా' అని చెప్పాలంటే ఏ పిల్లాడికైనా నోరు రాదు.

దానికి తోడు, స్థానిక ప్రభుత్వమే 'భయపడొద్దు' అంటోంది. పక్కింటి వాళ్లు మామూలుగా పనికి వెళ్లొస్తున్నారు, సూపర్ మార్కెట్ తెరిచే ఉంది. కళ్లముందు అంతా మామూలుగా ఉన్నప్పుడు ఒక కాగితం ముక్క చెప్పిందని బయల్దేరడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉంటేగానీ తెలియదు.

అందుకే అసలు సమస్య ధైర్యమో పిరికితనమో కాదు. ఆ కాగితం ముక్కను ఎలా చదవాలో మనకు ఎవరూ నేర్పలేదు.

ఒకే విషయం.. నాలుగు మాటలు

ఆ రోజుల్లో ఎంబసీ వరసగా ఇచ్చిన ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫిబ్రవరి 15న 'వెళ్లే విషయం ఆలోచించవచ్చు' అన్నారు. 20వ తేదీన 'తాత్కాలికంగా వెళ్లాలని సలహా ఇస్తున్నాం' అన్నారు. 22న మాట ఇంకాస్త గట్టిపడింది. ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీ అధికారికంగా చెప్పేదాకా ఆగకుండా బయల్దేరండి అన్నారు. రెండు రోజులకే యుద్ధం వచ్చింది.

మార్చి 1న ఖార్కివ్‌లో తిండి సామాన్ల కోసం బయటికి వెళ్లిన కర్ణాటక ఎంబీబీఎస్ విద్యార్థి దాడిలో చనిపోయాడు. మార్చి 2న వచ్చిన ప్రకటన చదివితే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఖార్కివ్‌లో ఉన్నవాళ్లంతా వెంటనే నగరం వదలాలి, సాయంత్రం 6 గంటల్లోగా పిసోచిన్, బాబాయే, బెజ్లుదోవ్కా అనే ఊళ్లకు చేరుకోవాలి, బస్సులూ రైళ్లూ దొరక్కపోతే నడిచైనా సరే వెళ్లిపోవాలి. ఇదీ అందులోని సారం.

'ఆలోచించవచ్చు' నుంచి 'నడిచైనా సరే' వరకు పట్టింది పదిహేను రోజులు!

ఇక్కడే అర్థం చేసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఎంబసీ ఎప్పుడూ మెత్తగానే మొదలుపెడుతుంది. కారణాలు లేకపోలేదు. 'మీ దేశం మునిగిపోతోంది' అని ఆతిథ్యం ఇస్తున్న దేశం ముఖం మీదే చెప్పలేరు. ఒక్కసారిగా అందరూ ఎయిర్‌పోర్టు మీద పడితే తొక్కిసలాటలు, టికెట్ల దందా. పైగా యుద్ధం రాకపోతే 'అనవసరంగా భయపెట్టారు' అన్న నింద. అందుకే ఆ భాష అలా నీళ్లు కలిపినట్టుంటుంది. చదివేవాళ్లే కాస్త చిక్కబరుచుకుని చదవాలి. తాత్కాలికంగా వెళ్లడం గురించి మాట్లాడారంటే.. మామూలు విమానాలు, మామూలు ధరలు ఉన్న రోజులు అయిపోవస్తున్నాయని లెక్క.

అమెరికా విదేశాంగ శాఖ అయితే దేశాలకు నంబర్లు ఇస్తుంది. లెవల్ 1 అంటే మామూలు జాగ్రత్తలు చాలు. లెవల్ 4 అంటే అసలు వెళ్లొద్దు. మన దగ్గర అలా నంబర్ల పద్ధతి లేదు, మాటలే. కాబట్టి మన అడ్వైజరీతో పాటు వేరే దేశాలు తమ పౌరులకు ఏం చెబుతున్నాయో కూడా ఓ కన్నేసి ఉంచడం మంచిది. ఉక్రెయిన్ విషయంలో అమెరికా ఫిబ్రవరి 14నే తన ఎంబసీ పనులను కీవ్ నుంచి పశ్చిమాన ఉన్న ల్వీవ్ నగరానికి మార్చేస్తున్నట్టు ప్రకటించింది. ఎంబసీలే సామాన్లు సర్దుకుంటుంటే అంతకంటే పెద్ద హెచ్చరిక ఏముంటుంది?

హెచ్చరికే రాకపోతే..?

అన్నిచోట్లా తొమ్మిది రోజులు దొరకవు. సూడాన్ దీనికి ఉదాహరణ. 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ, పారామిలటరీ దళానికీ మధ్య కాల్పులు మొదలయ్యాయి. మొదటి రోజే ఎయిర్‌పోర్టు యుద్ధభూమి అయిపోయింది. బయటపడే ముఖ్యమైన దారి ముందే పోయింది.

ఇంట్లోనే ఉన్న కేరళకు చెందిన ఓ భారతీయుడు ఎక్కడి నుంచో వచ్చిన తూటా తగిలి ప్రాణాలు కోల్పోయారు. 'బయటికి రావొద్దు, కిటికీల దగ్గర నిలబడొద్దు' అని చెప్పేది అందుకే. గొడవ చూద్దామని, వీడియో తీద్దామని బాల్కనీలోకి వెళ్లే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఫోన్ పట్టుకుని ఇది చదువుతున్న వాళ్లకు ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు. తూటాకు వీడియో తీసేవాడెవడో, పోరాడేవాడెవడో తెలియదు. రోడ్డు వైపు కిటికీ లేని గది, వీలైతే రెండు గోడల వెనక ఉన్న చోటు.. బాత్రూమ్ అయినా సరే.. అదే ఆ పూటకు ఇల్లు.

భారత్ 'ఆపరేషన్ కావేరి' మొదలుపెట్టింది ఏప్రిల్ 24న. అంటే అక్కడివాళ్లు అప్పటికి తొమ్మిది రోజులు ఇళ్లలోనే గడిపారు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లలో చార్జింగ్ లేదు. కర్ణాటక నుంచి మూలికా నూనెలు అమ్ముకోవడానికి వెళ్లిన హక్కిపిక్కి తెగ వాళ్లు కూడా అందులో ఇరుక్కున్నారు. ఆ తర్వాత బస్సుల్లో దాదాపు 850 కిలోమీటర్లు ప్రయాణించి పోర్ట్ సూడాన్, అక్కడి నుంచి నేవీ ఓడల్లో, వైమానిక దళ విమానాల్లో సౌదీలోని జెడ్డా, అక్కడి నుంచి ఇండియా. మొత్తం 3,862 మంది వచ్చారు. ఖార్టూమ్‌కి ఉత్తరాన వాది సయ్యద్నా అనే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో రన్‌వే లైట్లు కూడా లేకుండా రాత్రిపూట మన సీ-130 విమానం దిగి 121 మందిని తీసుకొచ్చింది. వినడానికి సినిమాలా ఉంటుంది. లోపల కూర్చున్న వాళ్లకు మాత్రం కాదు.

కాబట్టి అలాంటి దేశంలో ఉన్నవాళ్లు ముందే చేసుకోవాల్సిన పని ఒకటుంది. వారానికి సరిపడా తాగునీరు, పొయ్యి లేకపోయినా తినగలిగే తిండి, నిండా చార్జ్ చేసిన పవర్ బ్యాంక్, రోజూ వేసుకునే మందులు. ఇంకా చేతిలో నగదు. యుద్ధం రాగానే ముందు ఆగిపోయేవి ఏటీఎం, కార్డు, యాప్‌లే. స్థానిక కరెన్సీతో పాటు కొద్దిగా డాలర్లు విడిగా దాచుకుంటే సరిహద్దు దాటాక అవే పనికొస్తాయి.

దారే ఎక్కువ ప్రమాదం

'ఎలాగోలా బయల్దేరితే చాలు' అనుకోవడం కూడా పొరపాటే. తెలుగు రాష్ట్రాలకు ఇది బాగా తెలిసిన గాయం. 2015 జులైలో లిబియాలోని సిర్తె యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నలుగురు భారతీయులు ఇంటికి బయల్దేరారు. ట్రిపోలి మీదుగా రావాలన్నది ప్లాన్. సిర్తె దాటాక ఓ చెక్‌పోస్టు దగ్గర సాయుధులు పట్టుకున్నారు. కర్ణాటకకు చెందిన ఇద్దరిని రెండు రోజుల్లో వదిలేశారు. మిగిలిన ఇద్దరు మన తెలుగువాళ్లు. వాళ్లు విడుదలైంది 2016 సెప్టెంబరులో. ఏడాదికి పైగా వాళ్ల కుటుంబాలు ఎలా గడిపాయో చెప్పడానికి మాటలు చాలవు.

లిబియా వదిలి రావాలని భారత ప్రభుత్వం 2014లోనే చెప్పింది. కానీ మంచి జీతం, ఏళ్ల తరబడి అలవాటైన ఊరు, 'టీచర్లను ఎవరేం చేస్తారులే' అన్న నమ్మకం.. ఇవన్నీ కాళ్లకు అడ్డం పడేవే. చివరికి బయల్దేరేసరికి దారి ఎవరి చేతుల్లో ఉందో తెలియని రోజులు వచ్చేశాయి.

2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం వచ్చినప్పుడు దారుల విషయంలో అంతకుముందు నేర్చుకున్న పాఠాలు కొంత పనికొచ్చాయి. ఇరాన్ గగనతలం మూసేయగానే ఉర్మియాలోని మెడికల్ విద్యార్థులను రోడ్డు మార్గంలో ఆర్మేనియా దాటించారు. రాజధాని యెరెవాన్ నుంచి 110 మందితో మొదటి విమానం ఢిల్లీలో దిగింది. ఇజ్రాయెల్‌లో ఉన్నవాళ్లను జోర్డాన్, ఈజిప్టు సరిహద్దుల మీదుగా తీసుకొచ్చారు. 'ఆపరేషన్ సింధు' పేరుతో రెండు దేశాల నుంచి దాదాపు 4,400 మంది తిరిగొచ్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. గుంపుగా, ఎంబసీకి తెలిసి, ఎంబసీ చెప్పిన రూట్‌లో వెళ్లినవాళ్లకు సరిహద్దులో మాట్లాడే మనిషి దొరికాడు. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని బయల్దేరితే చెక్‌పోస్టు దగ్గర ఎవరి పేరు చెబుతారు?

అందుకే దేశంలో దిగిన మొదటి వారంలోనే ఎంబసీలో పేరు నమోదు చేసుకోవాలి. చాలామంది ఇది చేయరు. 'మనకెందుకులే, మనం ఉండేది సిటీకి దూరంగా కదా' అనుకుంటారు. కానీ బస్సు ఎక్కడికి పంపాలో, ఎన్ని సీట్లు కావాలో వాళ్లు ఆ లిస్టు చూసే లెక్కేస్తారు. లిస్టులో పేరు లేని మనిషి కోసం బస్సు ఎదురుచూడదు.

వెళ్లేది యుద్ధ దేశానికి కాకపోయినా సరే

జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలింది. ఖతార్, బహ్రెయిన్, కువైట్, యూఏఈ గగనతలాలు కొన్ని గంటలపాటు మూతపడ్డాయి. ఆ రాత్రి దోహాలోనో, దుబాయ్‌లోనో విమానం మారాల్సిన వాళ్ల పరిస్థితి ఏంటి? వాళ్లలో చాలామంది వెళ్తున్నది అమెరికాకో, యూరప్‌కో. యుద్ధంతో వాళ్లకేం సంబంధం లేదు. అయినా లాంజ్‌లో నేల మీద పడుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి సమయంలో చిన్న విషయాలే పెద్దవవుతాయి. షుగర్, బీపీ మందులు చెక్-ఇన్ లగేజీలో వేసేసిన అమ్మమ్మ సంగతి ఆలోచించండి! రెండు మూడు రోజుల మందులు, ప్రిస్క్రిప్షన్, చార్జర్, ఒక జత బట్టలు చేతి బ్యాగులోనే ఉండాలి. ఇక ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు పాలసీలో మినహాయింపుల పేజీ ఒకసారి తిరగేయండి. చాలా పాలసీల్లో యుద్ధం వల్ల జరిగే నష్టం కవర్ కాదు. ఏజెంట్ ఆ పేజీ చూపించడు.

విదేశాలే అక్కర్లేదు కూడా. 2025 మేలో భారత్, పాకిస్తాన్ మధ్య ఉద్రిక్తతలు పెరిగినప్పుడు ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూసేశారు. పంజాబ్, జమ్మూకశ్మీర్‌లలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు రైళ్లు, బస్సులు పట్టుకుని ఢిల్లీలోని ఏపీ భవన్, తెలంగాణ భవన్‌లకు చేరుకున్నారు. అక్కడ భోజనం, వసతి చూసి ఊళ్లకు పంపించారు. ఢిల్లీలో మన భవన్ ఉందన్న సంగతి పిల్లల్ని దూరం పంపే ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

ఏజెంట్ చెప్పే దేశం.. దిగే దేశం వేరు

తెలిసి వెళ్లేవాళ్ల కథ ఒకటి. తెలియకుండా వెళ్లేవాళ్ల కథ ఇంకా భయంకరం. రష్యాలో హెల్పర్ ఉద్యోగం అని చెప్పి తీసుకెళ్లి, అర్థం కాని భాషలో కాగితాల మీద సంతకాలు పెట్టించి, చివరికి ఉక్రెయిన్ సరిహద్దుకు పంపారు. అలా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన ఎంబసీ ధ్రువీకరించింది. ఈ రాకెట్‌పై సీబీఐ కేసు పెట్టింది.

ఇంకోటి థాయ్‌లాండ్ రూట్. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అంటారు. దిగాక కారులో గంటల కొద్దీ తిప్పి మే సోట్ దగ్గర నది దాటిస్తారు. అవతల ఉన్నది మయన్మార్‌లోని మ్యావడీ. సాయుధ ముఠాల కాపలాలో సైబర్ మోసాలు చేయించే క్యాంపులు. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల్లో 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. అందులో మన రెండు రాష్ట్రాల కుర్రాళ్లు ఉన్నారు. బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి 'చదువు లేనివాళ్లే మోసపోతారు' అనుకోవద్దు.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. గల్ఫ్ దేశాలు, ఇరాక్, లిబియా, యెమెన్, సూడాన్, లెబనాన్, థాయ్‌లాండ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వీళ్లకు ప్రభుత్వ క్లియరెన్స్ తప్పనిసరి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో జరిగే పని ఇది. దీన్ని చాలామంది తలనొప్పి అనుకుంటారు. 'విజిట్ వీసా మీద వెళ్లిపో, అక్కడికెళ్లాక మార్చుకుందాం' అని ఏజెంట్ అంటే సంతోషపడతారు. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఇరాక్ వెళ్లి ఇరుక్కుపోయిన వాళ్లలో ఎంతోమందిది ఇదే కథ.

విజిట్ వీసా మీద వెళ్తే ఏమవుతుంది? క్లియరెన్స్‌తో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు అది ఉండదు. కార్మికుల లెక్కలో పేరే ఉండదు. గొడవలు మొదలయ్యాక గడువు దాటిన వీసాతో సరిహద్దుకు వెళ్తే జరిమానా కట్టమంటారు.

పాస్‌పోర్టు సంగతి ఇంకా ముఖ్యం. 2014లో ఇరాక్‌లో ఐసిస్ దూసుకొస్తున్నప్పుడు నజఫ్‌లోని మన కార్మికులు కొందరు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నా రాలేకపోయారు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉండిపోయాయి. యజమాని పాస్‌పోర్టు లాక్కోవడాన్ని గల్ఫ్‌లో చాలా దేశాల చట్టాలు ఒప్పుకోవు. కానీ జరుగుతూనే ఉంటుంది. కనీసం పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు వాట్సాప్‌లో ఇంటికి పంపి ఉంచాలి. ఒరిజినల్ లేకపోయినా ఆ వివరాలు ఉంటే ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి ఇండియా పంపించే పని తేలికవుతుంది.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ల పని

ఇరాన్‌లో యుద్ధం రోజుల్లో ఇంటర్నెట్ దాదాపు ఆగిపోయింది. ఇక్కడ తల్లిదండ్రులు ఒకటే రింగ్.. ఒకటే రింగ్. అవతలి ఫోన్‌లో ఉన్న కాస్త చార్జింగ్ ఈ కాల్స్‌కే అయిపోతుంది. కంగారు సహజమే. అయినా ముందే ఒక మాట అనుకుని ఉండటం మంచిది. పొద్దున ఒక మెసేజ్, రాత్రి ఒక మెసేజ్. 'బాగున్నా, ఫలానా చోట ఉన్నా' అంటే చాలు. ఒక పూట మెసేజ్ రాకపోతే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అనేది కూడా అనుకోవాలి. ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. ఉద్యోగం కోసం వెళ్లినవాళ్ల విషయంలో 1800 11 3090 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. పాస్‌పోర్టు నంబర్, కంపెనీ పేరు, ఉంటున్న అడ్రస్, రూమ్మేట్ ఫోన్ నంబర్.. ఈ నాలుగూ ఇంట్లో ఒక కాగితం మీద రాసి ఉండాలి. ఆఫీసులో మొదట అడిగేవి ఇవే. చాలా ఇళ్లలో తెలియనివీ ఇవే. 'దుబాయ్‌లో ఉంటాడండీ' అని మాత్రం చెబుతారు.

ఇంకో పని, కొంచెం కష్టమైనదే. వెళ్లేరోజే తిరుగు టికెట్ డబ్బు పక్కన పెట్టాలి. ఆ డబ్బు ఫీజుకూ కాదు, పండక్కీ కాదు. ఉక్రెయిన్‌లో ఆ తొమ్మిది రోజుల్లో చాలామందిని ఆపింది భయం లేకపోవడం కాదు, ఆ టికెట్ డబ్బే. 'డబ్బు గురించి చూడకు, వచ్చెయ్' అని ఇంటి నుంచి ముందుగా ఫోన్ వెళ్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. ఎందుకంటే వాళ్లంతట వాళ్లు అడగరు.

ఆ ఉక్రెయిన్ పిల్లల కథ 2022 మార్చితో అయిపోలేదు. ఇంటికొచ్చాక ఇక్కడి కాలేజీల్లో సీటు ఇవ్వలేదు. చదువు మధ్యలో ఆగిపోయింది, అప్పు మాత్రం ఆగలేదు. కొందరు వేరే దేశాల యూనివర్సిటీలకు మారారు. కొందరు యుద్ధం నడుస్తుండగానే మళ్లీ ఉక్రెయిన్ వెళ్లారు. ఫోన్‌లో ఎయిర్ రెయిడ్ అలర్ట్ యాప్ పెట్టుకుని, సైరన్ మోగితే బంకర్‌లోకి దిగి, ఆగాక పైకొచ్చి క్లాసు వింటూ.

2022 అక్టోబరు 19న కీవ్ ఎంబసీ మరో అడ్వైజరీ ఇచ్చింది. ఈసారి 'ఆలోచించవచ్చు' అనలేదు. విద్యార్థులతో సహా భారతీయులంతా అందుబాటులో ఉన్న మార్గాల్లో వీలైనంత త్వరగా దేశం వదలాలి అంది. ఆరు రోజులకు మళ్లీ గుర్తుచేస్తూ పోలండ్, హంగరీ, స్లొవేకియా, రొమేనియా, మాల్డోవా సరిహద్దుల్లో ఏ దారిన వెళ్లాలో, ఏ కాగితాలు చేతిలో ఉండాలో వివరంగా ఇచ్చింది. కొందరు బయల్దేరారు. డిగ్రీ చేతికొచ్చేదాకా కదలమని కొందరు అక్కడే ఉండిపోయారు. కాకపోతే ఈసారి వాళ్ల దగ్గర సర్దిపెట్టిన బ్యాగ్ ఉంది, సరిహద్దుకు వెళ్లే దారి తెలుసు.